గుండె ఆపరేషన్‌లో మెదడుకు కాపలా

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం సాయంత్రం ఒక మత్తు వైద్యురాలు చేసిన ప్రసంగం ఇది. గుండె ఆపరేషన్ చేయించుకున్నవారు, చేయించుకోబోతున్నవారు, వారి ఇంటివారు విన్నారు. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. బాబూ, ఆ పెద్దాయనకు ఫ్యాను కింద చోటివ్వండి.

నేను మత్తు డాక్టరుని. గుండె ఆపరేషన్లకు మత్తు ఇవ్వడం నా పని. ఇరవై ఏళ్ళు దాటింది. ఆపరేషన్ అయిపోగానే సర్జన్ గారు బయటికి వస్తారు. తెల్లవారుజాము నుంచి తలుపు దగ్గర కూర్చున్న ఇంటివాళ్ళు ఒక్కసారిగా లేస్తారు. ఏమని అడుగుతారు? "గుండె ఎలా ఉందండీ?" అని. అడగాలి, తప్పకుండా అడగాలి. కానీ ఇన్నేళ్ళలో "మెదడు ఎలా ఉందండీ?" అని అడిగినవారు నాకు గుర్తున్నంతవరకు ఒక్కరూ లేరు. అది మీ తప్పు కాదు. అడగాలని మేం చెప్పలేదు.

మా నాన్న సంగతి చెబుతాను. మా నాన్న ఇక్కడి మిర్చి యార్డులో గుమాస్తా. కమిషన్ కొట్లో లెక్కలు రాసేవారు. యార్డు సంగతి మీకు తెలుసు కదా, ఒక్కో టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఒక్కో బరువు. నలభై టిక్కీల లాటు కాటా పూర్తయ్యేసరికి మొత్తం బరువు ఎంత, తరుగు ఎంత, కమిషన్, కూలి పోను రైతు చేతికి ఎంత రావాలి, అంతా నోటితోనే చెప్పేసేవారు. తర్వాత కాగితం మీద వేసి చూస్తే పైసా తేడా ఉండేది కాదు. 1998లో ఆయనకు బైపాస్ చేశారు. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. నేను అప్పుడు హౌస్ సర్జన్ని. ఆపరేషన్ చక్కగా జరిగింది, గుండె బ్రహ్మాండంగా ఉందన్నారు.

రెండో రోజు రాత్రి ఐసీయూలోకి వెళ్ళాను. నాన్న దుప్పటి అంచు పట్టుకుని వేళ్ళతో ఏదో ఏరుతున్నారు. ఏరడం, పక్కన పెట్టడం, మళ్ళీ ఏరడం. నేను వంగి విన్నాను. "తాలు కాయ వేరే పోయండిరా" అంటున్నారు. నన్ను చూసి, "నీది ఏ ఊరమ్మా, సరుకు ఎప్పుడు దించారు?" అని అడిగారు. కన్న కూతురిని!

పెద్దవయసు కదా, మత్తు దిగలేదు, అదే సర్దుకుంటుంది అన్నారు అక్కడివాళ్ళు. ఆయనకు అప్పుడు 61 ఏళ్ళు. మూడు రోజులకు ఆ సంధి తగ్గింది. మన పెద్దలు సంధి ప్రేలాపన అంటారే, దాన్నే మేము డెలీరియం అంటాం. తగ్గింది, ఇంటికి తెచ్చుకున్నాం. నెల తర్వాత అమ్మ పాల లెక్క అడిగింది. రోజుకు లీటరున్నర, ముప్ఫై రోజులు. నాన్న వేళ్ళు మడిచారు. మధ్యలో ఆగారు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. మళ్ళీ ఆగారు. అమ్మ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే, "ముందు ఎలా ఉండేవారు?" అని అడిగారు. బాగుండేవారండీ అన్నాం. ఎంత బాగా? ఆ బాగుకు కాగితం మీద ఆధారం ఏది? ఆపరేషన్‌కు ముందు ఆయన రక్తం పరీక్షించారు, కిడ్నీలు పరీక్షించారు, ఊపిరితిత్తులు చూశారు, పళ్ళు కూడా చూశారు. తల ఎలా పనిచేస్తోందో ఎవరూ చూడలేదు. డాక్టరు చదువు చదువుతున్న నేను కూడా చూడలేదు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ లేని కాగితం గురించే.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మెదడు బరువు కిలోన్నర కూడా ఉండదు. ఒంటి బరువులో నూటికి రెండు వంతులు. కానీ మనం పీల్చే ప్రాణవాయువులో అయిదో వంతు అదే వాడుకుంటుంది. దాచుకోవడం దానికి తెలియదు, ఏ నిమిషానికి ఆ నిమిషం అందాల్సిందే. మరి మేమేం చేస్తాం? గుండెను ఆపేస్తాం. రక్తాన్ని గొట్టాల్లోంచి బయటికి తెచ్చి, యంత్రంలో ప్రాణవాయువు కలిపి, మళ్ళీ ఒంట్లోకి పంపుతాం. మా థియేటర్లో దాన్ని పంపు అంటాం. "పంపు మీదికి వెళ్ళాం", "పంపు దిగాం", ఇవే మా మాటలు. అమెరికాలో ఫిలడెల్ఫియాలో 1953 మే 6న జాన్ గిబ్బన్ అనే సర్జన్ ఆ యంత్రంతో 18 ఏళ్ళ అమ్మాయి గుండెలోని రంధ్రం మూశారు. 26 నిమిషాలు ఆ అమ్మాయి ప్రాణం పూర్తిగా యంత్రం మీదే నిలిచింది. అంతకుముందు ఆయన ఆ యంత్రం మీద దాదాపు ఇరవై ఏళ్ళు పనిచేశారు. ఆ యంత్రం లేకపోతే ఈ గదిలో ఎంతమందిమి ఉండేవాళ్ళం? ఒక్కసారి ఆలోచించండి.

పంపు పెద్దవారికి నిమిషానికి సుమారు నాలుగైదు లీటర్ల రక్తం పంపుతుంది. కానీ గుండె కొట్టుకున్నట్టు కొట్టుకోదు, కాలువ పారినట్టు పారుతుంది. నాడి ఉండదు. మణికట్టు పట్టుకుంటే ఏమీ తెలియదు. వేలికి పెట్టే క్లిప్పు ఉంది కదా, కోవిడ్ పుణ్యమా అని ప్రతి ఇంట్లోనూ ఉంది, అది నాడి ఆధారంగా చదువుతుంది. నాడి లేకపోతే దానికి ఏమీ కనిపించదు. అంటే సరిగ్గా ప్రమాదం ఉన్న సమయంలోనే మన అలవాటు కన్ను మూసుకుపోతుంది.

మెదడుకు ముప్పు ఏ దారిలో వస్తుంది? రక్తనాళం గోడకు పట్టిన గార ముక్కలు ఊడి పైకి కొట్టుకుపోవచ్చు. చిన్న గాలి బుడగలు పోవచ్చు. ఆపరేషన్ కోసం చల్లబరిచిన ఒంటిని తిరిగి వేడి చేసేటప్పుడు తొందరపడితే మెదడు అవసరానికి మించి వేడెక్కుతుంది. అందుకే మెదడుకు వెళ్ళే రక్తం 37 డిగ్రీలు దాటకుండా చూస్తాం. రక్తం గొట్టాలను, ప్లాస్టిక్‌ను తాకినందుకు ఒళ్ళంతా వాపు గుణం పుడుతుంది, ఆ సెగ మెదడుకూ తగులుతుంది. వీటన్నిటికంటే నేను ఎక్కువసేపు చెప్పాలనుకునేది రక్తపోటు గురించి.

మనం డెల్టావాళ్ళం కాబట్టి కాలువ లెక్కన చెబుతాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర 12 అడుగుల నీటిమట్టం ఉంటే పశ్చిమ డెల్టా కాలువలకు నీళ్ళు సాఫీగా పారతాయి. కృష్ణలో నీళ్ళు కాస్త తగ్గినా, కాస్త పెరిగినా, లాకుల దగ్గర లస్కరు తలుపులు ఎత్తుతూ దించుతూ పొలానికి అందేది సమానంగా ఉండేట్టు చూస్తాడు. మెదడులోనూ అలాంటి లస్కర్లు ఉన్నారు. రక్తపోటు తగ్గితే చిన్న నాళాలు విచ్చుకుంటాయి, పెరిగితే ముడుచుకుంటాయి, మెదడుకు అందేది మాత్రం మారదు. కానీ బ్యారేజీ దగ్గర మట్టం మరీ పడిపోతే లస్కరు మాత్రం ఏం చేస్తాడు? తలుపులన్నీ ఎత్తేసినా నీళ్ళు పారవు. అప్పుడు ముందు ఎండేది ఎవరి చేను? రేపల్లె వైపు నుంచి వచ్చినవారు ఉంటే చెప్పండి. శివారు చేను. మెదడులోనూ శివారు భూములు ఉన్నాయి. రెండు పెద్ద రక్తనాళాల ఆయకట్టులు కలిసే అంచులు అవి. ముందు దెబ్బతినేవి అవే.

ఆ మట్టం ఎంత? మేం చదువుకున్న పుస్తకాల్లో సగటు రక్తపోటు, అంటే బీపీ పై అంకె, కింది అంకె కలిపి కట్టే లెక్క, 50 అని ఉండేది. అందరికీ 50. తర్వాత అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పంపు మీద ఉన్న రోగుల్లో ఒక్కొక్కరికి విడివిడిగా కొలిచి చూశారు. కొందరికి 40 దగ్గర, కొందరికి ఏకంగా 90 దగ్గర తేలింది. అంటే ఒకరి మెదడుకు హాయిగా సరిపోయే రక్తపోటు పక్క టేబుల్ మీద ఉన్నవారి మెదడును మాడ్చేస్తుంది. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. నాన్నకు ఎంత ఉండి ఉంటుంది? ఆ రోజు ఎంతలో నడిపి ఉంటారు? ఆ ప్రశ్నకు జవాబు ఇక దొరకదు.

సరే, మెదడును ఎలా చూస్తాం? నుదుటి మీద రెండు స్టిక్కర్లు అంటిస్తాం, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. అంటించే ముందు నర్సమ్మ స్పిరిట్ దూదితో నుదురు తుడుస్తుంది. విభూతి, కుంకుమ, కొబ్బరినూనె, అన్నీ. బొట్టు తీయనివ్వకుండా చేయి అడ్డం పెట్టే అమ్మలు ఉంటారు. వారికి నేనే చెబుతాను, ఆపరేషన్ కాగానే మళ్ళీ నేనే పెడతానమ్మా అని. పెడతాను కూడా. ఐసీయూలో నా కోటు జేబులో కుంకుమ పొట్లం ఉంటుంది.

ఆ స్టిక్కరులోంచి కంటికి కనిపించని ఎర్రని కాంతి, పరారుణ కాంతి అని చదువుకున్నాం కదా, అది పుర్రె దాటి లోపలికి వెళ్ళి తిరిగి వస్తుంది. చీకట్లో టార్చిలైటు అరచేతి కింద పెడితే చేయి ఎర్రగా వెలగడం చూశారా? కొంచెం అలాంటిదే. 1977లో ఫ్రాన్స్ యోబ్సిస్ అనే శాస్త్రవేత్త ఈ కాంతి తలలోంచి దూరి వస్తుందని, దాంతో లోపలి ప్రాణవాయువును లెక్కకట్టవచ్చని చూపించారు. దీనికి నాడితో పనిలేదు. పంపు మీద కూడా చదువుతుంది. సాధారణంగా 60కీ 80కీ మధ్య అంకె కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చర్మం నల్లగా ఉంటే ఈ యంత్రాలు కొన్ని అసలు కంటే తక్కువ చూపిస్తాయి. మనలాంటి ఒంటిరంగు ఉన్నవారికి ఇది ముఖ్యం. మరి ఆ అంకెను నమ్మడం ఎలా? అందుకే మత్తు ఇవ్వకముందే, రోగి మెలకువగా ఉన్నప్పుడే ఆ మనిషి మొదటి అంకె రాసుకుంటాం. 68 అయితే 68, 59 అయితే 59. తర్వాత చూసేది దాని నుంచి ఎంత దిగిందన్నదే. అయిదో వంతు దిగితే గంట మోగినట్టే. అప్పుడు ఏం చేస్తామంటే, ముందు తల పక్కకు వాలి మెడలో రక్తనాళం నొక్కుకుందేమో చూస్తాను. గొట్టం సరిగా ఉందా అని సర్జన్‌ను అడుగుతాను. పంపు దగ్గర కూర్చున్న పర్ఫ్యూజనిస్టు ప్రవాహం పెంచుతారు. రక్తపోటు పెంచుతాం. బొగ్గుపులుసు వాయువు తక్కువగా ఉంటే మెదడు నాళాలు ముడుచుకుంటాయి కాబట్టి దాన్ని సరిచేస్తాం. రక్తం మరీ పలచబడితే ఎక్కిస్తాం. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో అంకె పైకి వస్తుంది. అది పైకి వచ్చేవరకు ఆ గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

రెండో పరికరం మెదడు అలలను చూసేది. ఈసీజీ గుండెకు ఎలాగో ఈఈజీ మెదడుకు అలాగ. మనిషి తల మీద ఆ అలలను మొదట పట్టినవారు జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్, 1924లో. మత్తు ఎక్కుతున్న కొద్దీ అలలు పెద్దవై, నెమ్మదిస్తాయి. మత్తు అవసరం కంటే లోతుకు వెళితే గీత ఒక్కసారిగా సాపుగా అయిపోతుంది. కొన్ని సెకన్లు సాపుగా ఉండి, ఒక్కసారి ఎగసి, మళ్ళీ సాపు. ఆ సాపు గీత ఎక్కువసేపు కనిపించినవారిలో తర్వాత సంధి ఎక్కువగా కనిపిస్తుంది.

అయితే మత్తు తగ్గించి ఆ సాపు గీత రాకుండా చూస్తే సంధి తగ్గుతుందా? నేనైతే తగ్గుతుందనే గట్టిగా అనుకున్నాను. కొన్ని చిన్న అధ్యయనాలు తగ్గుతుందనే చెప్పాయి. 2019లో అమెరికాలో 1,200 మందికి పైగా పెద్దవయసువారి మీద పెద్ద ఆపరేషన్లలో పరీక్షించి చూశారు. తగ్గలేదు. 2024లో కెనడాలో కేవలం గుండె ఆపరేషన్లలోనే 1,140 మందిని చూశారు. అలలు చూస్తూ మత్తు ఇచ్చినవారిలో నూటికి 18 మందికి సంధి వచ్చింది. చూడకుండా ఇచ్చినవారిలోనూ నూటికి 18 మందికే. ఆ ఫలితం వచ్చిన రోజు నాకు బాధ కలిగింది. దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు కాబట్టి మీ ముందు పెడుతున్నాను.

మరి ఆ గీత అబద్ధమా? కాదు. ఇంకోలా చూడండి. కొందరికి మామూలు మోతాదు మత్తుకే, ఒక్కోసారి తక్కువ మోతాదుకే గీత సాపు అయిపోతుంది. పక్కవారికి అంతే మందు ఇస్తే కాదు. ఎందుకని? ఆ మెదడు అప్పటికే బలహీనంగా ఉంది. బయటికి మామూలుగానే మాట్లాడుతూ, నవ్వుతూ వచ్చి ఉంటారు. లోపలి బలహీనతను ఆ గీత బయటపెట్టింది. మందు తగ్గించినంత మాత్రాన ఆ బలహీనత పోతుందా? పోదు. అలా చూస్తే ఆ గీత చెబుతున్నది ఆపరేషన్ గురించి తక్కువ, ఆపరేషన్‌కు ముందున్న మనిషి గురించి ఎక్కువ. ఇది నా నమ్మకం. అందరు డాక్టర్లూ ఒప్పుకోకపోవచ్చు.

దీనికి తోడు ఇంకొక లెక్క చెప్పాలి. 2001లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంవారు బైపాస్ అయిన 261 మందికి జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టారు. ఇంటికి వెళ్ళేనాటికి నూటికి 53 మంది ముందుకంటే తగ్గారు. ఆరు నెలలకు 24కి దిగింది, అంటే చాలామంది తేరుకున్నారు. అయిదేళ్ళకు మళ్ళీ 42 అయింది. అందరూ భయపడ్డారు, పంపు వల్లే మెదడు పోతోందని రాశారు. తర్వాత జాన్స్ హాప్కిన్స్‌వారు ఆపరేషన్ చేయించుకోని గుండె రోగులను కూడా ఏళ్ళ తరబడి పోల్చి చూశారు. వారిలోనూ అలాగే తగ్గింది! గుండె నాళాలను పాడుచేసిన షుగరు, రక్తపోటు, పొగ మెదడు నాళాలను వదులుతాయా? కాబట్టి ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో కనిపించే తికమకకు ఆపరేషన్ కారణం కావచ్చు. అయిదేళ్ళ తర్వాత మతిమరుపు వస్తే నేరం మొత్తం ఆపరేషన్ మీద వేయలేం.

మా నాన్న విషయంలోనూ అంతే. ఏడాదికి చాలావరకు తేరుకున్నారు. కాగితం మీద వేసుకుంటే ప్రతి లెక్కా వచ్చేది. నోటి లెక్క మాత్రం తిరిగి రాలేదు, యార్డుకూ తిరిగి వెళ్ళలేదు. అది పంపు వల్లనా, అప్పటికే లోపల మొదలైందా? ముందు కొలిచి ఉంటే చెప్పగలిగేవాళ్ళం. నుదుటి మీద అంకెకు మొదటి అంకె కావాలి. రక్తపోటుకు ఆ మనిషి సొంత అంకె కావాలి. మరి తెలివికి మాత్రం మొదటి అంకె అక్కర్లేదా?

అందుకని ఇప్పుడు మేమేం చేస్తున్నామంటే, ఆపరేషన్‌కు ముందు రోజు పక్కన కూర్చుని ఒక పావుగంట పరీక్ష చేస్తాం. తెలుగులో చేసే పరీక్షలు ఉన్నాయి. అయిదు మాటలు చెప్పి కాసేపటికి మళ్ళీ అడగడం, గడియారం బొమ్మ వేయించడం, వంద నుంచి ఏడు చొప్పున తీసేయమనడం, ఇలాంటివి. బడికి వెళ్ళని అమ్మ చేతికి పెన్సిలు ఇచ్చి గడియారం వేయమంటే అది పరీక్ష అవుతుందా? అవదు, అవమానం అవుతుంది. ఒక అమ్మను నేను ముగ్గు గురించి అడిగాను. "ఏడు చుక్కల ముగ్గు ఎలా పెడతారమ్మా?" అని. ఆవిడ మంచం దుప్పటి మీద వేలితో చుక్కలు పెట్టి, ఒక్క గీత తప్పకుండా కలిపి చూపించింది. దాన్ని లెక్కకట్టే పద్ధతి లేదు, నాకు తెలుసు. అయినా కేసు షీటులో రాశాను. ఆపరేషన్ అయిన అయిదో రోజు మళ్ళీ అడిగాను. మూడో వరసలో ఒకచోట ఆగింది, నన్ను చూసింది, తనే సరిదిద్దుకుంది. ఆ రోజు ఆవిడ కంటే నాకు ఎక్కువ సంతోషం కలిగింది.

ఇంటివాళ్ళకు ఒక మాట. మతిమరుపు ఉంటే మాకు చెప్పండి. దాస్తున్నారు! "బాగానే ఉంటారండీ" అంటారు. తర్వాత సంధి వచ్చాక కోడలు మెల్లగా నా దగ్గరికి వచ్చి చెబుతుంది, "ఆరు నెలల నుంచి మామయ్య గారు బస్సు దిగాక ఇంటి దారి వెతుక్కుంటున్నారండీ" అని. ముందే చెప్పి ఉంటే రక్తపోటు ఇంకాస్త ఎత్తులో నడిపేదాన్ని, నిద్రమాత్రలు కొన్ని వాడేదాన్ని కాదు, ఐసీయూలో కిటికీ పక్క మంచం అడిగేదాన్ని. మతిమరుపు ఉందంటే ఆపరేషన్ చేయరేమోనన్న భయం వద్దు.

సంధి అంటే అరుపులు, గొట్టాలు పీకడం అనుకుంటారు. అలా ఉండేవారు తక్కువ. ఎక్కువమంది ఉలుకూ పలుకూ లేకుండా పడుకుని ఉంటారు. పాపం, అలిసిపోయారు, నిద్రపోనివ్వండి అంటాం. అక్కడే మోసపోతాం. అందుకే ఐసీయూలో రోజూ ఒక చిన్న పరీక్ష చేస్తాం. నా చేయి వారి చేతిలో పెట్టి, "నేను వరసగా పది అక్షరాలు చెబుతాను, 'అ' అన్నప్పుడు మాత్రం నొక్కండి" అంటాను. మనసు నిలిచినవారు నొక్కుతారు. నిలవనివారు అన్నిటికీ నొక్కుతారు, లేదా ఒకసారి నొక్కి ఊరుకుంటారు. ఏ యంత్రమూ అక్కర్లేదు.

ప్రశ్నలు ఉన్నాయా? ఆ, మీరు చెప్పండి.

ఈ యంత్రాలు లేనిచోట ఆపరేషన్ వద్దనాలా అని ఈయన అడుగుతున్నారు. వద్దు, అలా అనకండి. స్టిక్కరు పెట్టినవారికల్లా మేలు జరిగిందని ఇంకా ఎవరూ ఖాయంగా నిరూపించలేదు. అది అనుకోని ప్రమాదాన్ని పట్టిస్తుంది, అందుకే నాకు కావాలి. కానీ మూసుకుపోయిన గుండె నాళాలను అలాగే వదిలేస్తే మనిషే దక్కకపోవచ్చు. "మెదడును ఎలా చూస్తారండీ?" అని మాత్రం అడగండి. అడిగితే ఏ డాక్టరూ కోప్పడరు.

అమ్మా, మీరు. మీ వారికి శుక్రవారం ఆపరేషనా? ఏం చేస్తారు ఆయన? టైలరా? అయితే ఈ రాత్రికే ఒక కాగితం తీసుకోండి. ఆయన కొలతలు రాసుకుంటారా, గుర్తుపెట్టుకుంటారా? ఎన్నింటికి లేస్తారు, పేపరు చదువుతారా, డబ్బు లెక్క ఎవరు చూస్తారు, ఈమధ్య ఏదైనా మర్చిపోతున్నారా? అన్నీ రాయండి. గురువారం మత్తు డాక్టరు వచ్చినప్పుడు వారి చేతికి ఇవ్వండి, ఫైలులో పెట్టమనండి. కళ్ళజోడు ఇంట్లో వదిలేయకండి, డబ్బా మీద పేరు రాసి ఐసీయూ నర్సమ్మకు అప్పగించండి. వినికిడి మిషను ఉంటే అదీ. శనివారం మిమ్మల్ని లోపలికి పంపినప్పుడు ముందు కళ్ళజోడు పెట్టండి, తర్వాత మాట్లాడండి. ఇవాళ శనివారం అని చెప్పండి, ఆపరేషన్ అయిపోయిందని చెప్పండి, మీ పేరు చెప్పండి. ఆయన ఏదైనా తేడాగా మాట్లాడితే ఏడవకండి, వాదించకండి. బయటికి వచ్చి వెంటనే డాక్టరుకు చెప్పండి. నా నంబరు బయట అమ్మాయి దగ్గర తీసుకోండి. ఆ కాగితం రాశాక ఒకసారి నాకు ఫోను చేసి చదివి వినిపించండి.